కవ్వాల్‌కు వచ్చిన పులి ఎందుకు నిలవడం లేదు?

తెలంగాణలో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్‌ను టైగర్ రిజర్వ్‌గా ప్రకటించింది 2012లో. కోర్ (నడిమి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న అడవి) కలిపితే 2,000 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. టేకు చెట్లు, కడెం నీళ్లు, చుక్కల దుప్పులు, మనుబోతులు, అడవి పందులు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా పులే. 2022 జాతీయ గణనలో ఈ రిజర్వ్ పేరు ఎదురుగా పులి లెక్క పడలేదు. అదే కాలంలో దానికి తూర్పున, టైగర్ రిజర్వ్ అన్న బోర్డే లేని కాగజ్‌నగర్ అడవుల్లో, పత్తి చేల గట్ల వెంట పులులు తిరుగుతున్నాయి. పిల్లల్ని కూడా పెడుతున్నాయి.

ఎందుకిలా అని అడిగితే ఒకరు కలప దొంగలంటారు, ఇంకొకరు పశువుల మందలంటారు, సిబ్బంది చాలడం లేదంటారు మరొకరు. అన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. కాకపోతే ఇవన్నీ కవ్వాల్ లోపల వెతికిన జవాబులు. పక్క అడవిలో ఎన్ని పుట్టాయి, వాటిలో ఎన్ని బయల్దేరాయి, దారిలో ఎన్ని బతికాయి, చివరికి ఎక్కడ ఆగాయి అన్నవి కూడా లెక్కలోకి తీసుకుంటే తప్ప ఒక అడవిలో ఎన్ని జంతువులు ఎందుకున్నాయో తేలదు. కవ్వాల్ కథలో ముప్పాతిక వంతు కవ్వాల్ బయటే నడుస్తోందని నా అభిప్రాయం.

ఏ జంతువు సంఖ్య మారినా కారణాలు నాలుగే: పుట్టినవి, చచ్చినవి, వచ్చినవి, వెళ్లినవి. మొదటి రెండూ వార్తలవుతాయి. పిల్లలు పుడితే ఫోటో వేస్తారు, పులి చనిపోతే పోస్ట్‌మార్టం రిపోర్ట్ వస్తుంది. తర్వాతి రెండూ ఎవరి కంటా పడవు. ఒక కుర్ర మగపులి రెండేళ్లు వరసగా కెమెరా ట్రాప్‌లో పడి, మూడో ఏడు పడలేదనుకోండి. చచ్చిందా, వెళ్లిపోయిందా? ఏ పులి చారలు దానివే కాబట్టి, రెండొందల కిలోమీటర్ల అవతల ఇంకో రాష్ట్రం కెమెరాలో అది దొరికితే గుర్తుపట్టొచ్చు. కానీ రెండు రాష్ట్రాల ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఎవరో ఒకరు పోల్చాలి. అప్పటిదాకా మొదటి అడవి లెక్కలో అది లోటుగానే ఉండిపోతుంది.

ఇలా పుట్టిన చోటు వదిలి, వేరే చోట స్థిరపడి అక్కడే పిల్లల్ని కనడాన్ని శాస్త్రవేత్తలు డిస్పర్సల్ అంటారు. కొల్లేరుకొచ్చి మళ్లీ తిరిగిపోయే పక్షుల ప్రయాణం లాంటిది కాదు ఇది. ఒకసారి వెళ్తే వెళ్లినట్టే. జంతువు పుట్టింటి నుంచి వెళ్లడానికి కారణాలు మూడు చెబుతారు: తిండికీ చోటుకీ సొంతవాళ్లతోనే పోటీ పడాల్సి రావడం, జత కోసం పోటీ, రక్తసంబంధీకులతో జతకట్టకుండా తప్పుకోవడం. పులి విషయంలో పిల్లలకు ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. ఆ చోటును ఏలే పెద్ద మగపులి కుర్ర మగవాటిని సహించదు. ఇక బయల్దేరక తప్పదు.

అలా బయల్దేరిన వాటిలో మనకు బాగా తెలిసింది టిపేశ్వర్ పులి. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి అడుగుపెడితే, యవత్‌మాళ్ జిల్లాలో టిపేశ్వర్ అభయారణ్యం వస్తుంది. మొత్తం 148 చదరపు కిలోమీటర్లు, అంతే. అక్కడ టీ1 అనే ఆడపులికి పుట్టిన మగపిల్లల్లో ఒకదానికి టీ1సీ1 అని పేరు. 2019 ఫిబ్రవరిలో దాని మెడకు రేడియో కాలర్ పెట్టారు. వానలు మొదలయ్యే వేళకు అది ఇల్లు వదిలింది. తొమ్మిది నెలల్లో 3,000 కిలోమీటర్లకు పైగా తిరిగింది. పత్రికలు దానికి వాకర్ అని పేరు పెట్టాయి. మహారాష్ట్రలో జిల్లాలకు జిల్లాలు దాటి, మధ్యలో మన ఆదిలాబాద్ వైపూ వచ్చి, చివరికి బుల్‌ఢాణా జిల్లాలోని జ్ఞానగంగా అభయారణ్యంలో ఆగింది.

ఆ కాలర్ పంపిన పాయింట్లను మ్యాప్ మీద పెట్టి చూస్తే తిన్నని గీత ఒక్కటీ ఉండదు. వెళ్లడం, వెనక్కి రావడం, ఒక వాగు వెంట కొన్నాళ్లు చక్కర్లు కొట్టడం, మళ్లీ ఇంకో దిక్కు పట్టడం. పగలు వాగు పొదల్లోనో చేల మధ్యనున్న చిట్టడవిలోనో పడుకునేది, రాత్రి నడిచేది. ఊళ్లు, హైవేలు, కాల్వలు అన్నీ రాత్రిపూటే దాటింది. అడవి పందుల్ని, పశువుల్ని తింది. ఇన్ని నెలల్లో మనుషులకు దానివల్ల జరిగింది ఒకే ఒక్క చిన్న గాయం, అదీ అది పడుకున్న పొదలోకి జనం వెళ్లినప్పుడు. అంటే జనావాసాల మధ్య నుంచి పులి నడిచి వెళ్లడం మనం అనుకున్నంత అసాధ్యమేం కాదు. ఆగడమే కష్టం. జ్ఞానగంగాలో దానికి తిండి దొరికింది, చోటు దొరికింది. ఆడపులి మాత్రం లేదు. తోడు తెచ్చి వదలాలా వద్దా అని అటవీ అధికారులు చర్చించాల్సి వచ్చింది.

బయల్దేరడం, ప్రయాణం, స్థిరపడటం అని ఈ పనిలో మూడు మెట్లున్నాయి. మన చర్చ అంతా రెండో మెట్టు దగ్గరే, అంటే ఒక అడవి నుంచి ఇంకో అడవికి జంతువులు నడిచే దారులైన కారిడార్ల దగ్గరే ఆగిపోతుంది. మిగతా రెండూ తక్కువవి కావు.

మొదటి మెట్టు లేకపోతే ఏమవుతుందో 1960లలో అమెరికాలోని ఇండియానాలో చార్లెస్ క్రెబ్స్, ఆయన సహచరులు చూశారు. అక్కడి పచ్చిక బయళ్లలో వోల్ అనే పొట్టి తోక ఎలుకలుంటాయి. కొన్ని బయళ్లకు లోపలివి బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా కంచె కట్టారు. కొన్నిటిని మామూలుగా వదిలేశారు. తిండి ఒకటే, వాతావరణం ఒకటే. కంచె లోపల సంఖ్య బయటికంటే సుమారు మూడు రెట్లకు చేరింది. ఆ తర్వాత గడ్డి మొదళ్లతో సహా తినేసి, ఆకలికి మాడి, గుంపులు కుప్పకూలాయి. బయట అలా జరగలేదు. అక్కడ రద్దీ పెరిగే కొద్దీ కొన్ని ఎలుకలు లేచిపోతున్నాయి, సంఖ్య తనంతట తాను సర్దుకుంటోంది. ఈ ప్రయోగంలో నాకు నచ్చిందేంటంటే, కంచె ఒక్క ఎలుకను కూడా చంపలేదు, ఒక్క ఎలుకకు కూడా తిండి పెట్టలేదు. వెళ్లే దారి మూసింది, అంతే.

రిజర్వ్ చుట్టూ మంచి కంచె కట్టేస్తే గొడవ వదిలిపోతుందని ప్రతి దాడి తర్వాతా ఎవరో ఒకరు అంటుంటారు కదా. వాళ్లకు ముందు ఈ వోల్ కథ చెప్పాలి. కంచె లోపల పుట్టిన కుర్ర మగపులులు ఎక్కడికీ పోలేక ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కంచె బయటి అడవులకు కొత్త పులి రాదు.

వెళ్లే దారి తెరిచే ఉందనుకుందాం. అప్పుడు అడవుల మధ్య సంబంధం కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లా ఉంటుంది. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. పై చెరువు నిండకపోయినా, మధ్య కాల్వను ఎవరైనా దున్నేసుకున్నా కింది చెరువు ఎండుతుంది, దాని కట్ట ఎంత గట్టిగా ఉన్నా సరే. పోలిక ఇక్కడిదాకే పనికొస్తుంది. నీళ్లు పల్లానికి పోతాయి. పులి ఎటు పోవాలో తానే ఎంచుకుంటుంది, తప్పుగానూ ఎంచుకుంటుంది.

ఈ సంగతిని 1988లో రొనాల్డ్ పుల్లియమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించారు. పుట్టేవి చచ్చేవాటికంటే ఎక్కువుండే చోటు సోర్స్, అంటే ఊట. చచ్చేవి ఎక్కువుండే చోటు సింక్, అంటే గుంట. ఊట నుంచి జంతువులు వస్తూ ఉన్నంతకాలం గుంట కూడా నిండుగానే కనిపిస్తుంది. కొన్ని సందర్భాల్లో ఊటలో కంటే గుంటలోనే ఎక్కువ జంతువులుంటాయి! అక్కడే మోసపోతాం. తలకాయలు లెక్కపెట్టి ‘ఇక్కడ బాగానే ఉన్నాయి’ అని సంబరపడే చోటు నిజానికి ఏటా పక్క అడవి పిల్లల్ని మింగుతున్న చోటు కావొచ్చు. తెలంగాణ, ఆంధ్ర లెక్కలను ఈ కళ్లతో ఒకసారి చూడండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు, తెలంగాణలో 21. ఆంధ్రలో ఎక్కువ భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వ్‌వే. నల్లమలలో అవి పుట్టి, అక్కడే పెరిగి, కడప అడవుల మీదుగా శేషాచలం వైపు సాగుతున్నాయి. అది ఊట. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పులులకు ఊట మాత్రం రాష్ట్రంలో లేదు. మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా తడోబా టైగర్ రిజర్వ్‌లో ఉంది, టిపేశ్వర్‌లో ఉంది. మహారాష్ట్ర పులుల సంఖ్య 2022లో 444. చంద్రపూర్ జిల్లా కిక్కిరిసిపోయింది. ఆ రద్దీయే ప్రాణహిత, పెన్‌గంగ దాటి మనవైపు వస్తోంది.

వచ్చినవి ఏమవుతున్నాయి? 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లిన కేసు అది. అడవి పందుల కోసం పెట్టిన ఉచ్చులు, చేలకు వేసిన కరెంటు తీగలు పులి అని చూడవు. కాగజ్‌నగర్‌లో పులికి కావాల్సినవన్నీ ఉన్నాయి: నీళ్లు, పందులు, పశువులు, దాక్కోను పొదలు. చావు మాత్రం కనబడదు. ఉచ్చును చూసి ‘ఇది మంచి చోటు కాదు’ అనుకునే తెలివి పరిణామ క్రమంలో ఏ పులికీ అబ్బలేదు. పైకి ఆకర్షించి లోపల చంపే ఇలాంటి చోట్లను శాస్త్రవేత్తలు మామూలు సింక్‌కంటే ప్రమాదకరంగా చూస్తారు. ఎందుకంటే మామూలు సింక్‌కు జంతువు గతిలేక వస్తుంది, దీనికి ఇష్టపడి వస్తుంది.

చంపడం వల్ల సమస్య తీరుతుందనుకునే వాళ్లకు కూడా డిస్పర్సల్ ఒక లెక్క చెబుతుంది. బ్రిటన్‌లో పశువులకు టీబీ అంటిస్తున్నాయని బ్యాడ్జర్ అనే జంతువుల్ని 1998 నుంచి కొన్నేళ్లు ప్రయోగాత్మకంగా చంపి చూశారు. చంపిన ప్రాంతం లోపల టీబీ కొంత తగ్గింది. చుట్టుపక్కల పెరిగింది! గుంపులు చెదిరి, హద్దులు చెరిగి, మిగిలిన బ్యాడ్జర్లు మునుపటికంటే దూరం తిరగడం మొదలుపెట్టాయి, రోగాన్ని వెంటబెట్టుకుని. మన దగ్గర వీధి కుక్కల్ని బండి ఎక్కించి తీసుకెళ్లిన కాలనీలో కొన్నాళ్లకు కొత్త కుక్కలు తేలడం కూడా ఈ బాపతే. ఖాళీ అయిన చోటు, తిండి అలాగే ఉంటే, ఖాళీగా ఉండదు.

మరి కవ్వాల్ ఎందుకు ఖాళీగా ఉంది? ఇక్కడే అసలు చిక్కు. మగ పులి, ఆడ పులి ఒకేలా చెదరవు. క్షీరదాల్లో ఎక్కువగా మగవే దూరం పోతాయి, పక్షుల్లో ఆడవి. నేపాల్‌లోని చిత్వన్‌లో రేడియో కాలర్లతో చేసిన అధ్యయనంలో మగపులులు సగటున 33 కిలోమీటర్లు వెళ్తే, ఆడవి 10 కిలోమీటర్ల లోపే ఆగాయి. కూతురు తల్లి పక్కనే చోటు చూసుకుంటుంది. ఒక్కోసారి తల్లే తన ఇలాకాలో కొంత కూతురికి వదిలి ఇస్తుంది. కాబట్టి కొత్త అడవికి ముందు వచ్చేది మగపులి. వచ్చి, చెట్ల మీద వాసన గుర్తులు వెతికి, ఆడపులి జాడ లేదని తేల్చుకుని మళ్లీ నడక మొదలుపెడుతుంది. 2024 అక్టోబర్, నవంబర్‌లలో మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చిన జానీ అనే మగపులి జత కోసమే అంత దూరం తిరిగిందని అటవీ అధికారులు చెప్పారు. జ్ఞానగంగాలో వాకర్‌దీ అదే కథ. ఆడపులి లేని అడవి ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉంది కాబట్టి వచ్చిన మగపులీ నిలవదు. సంఖ్య మరీ తగ్గినప్పుడు జత దొరక్కపోవడమే ఇంకా తగ్గడానికి కారణమవుతుందని, దాన్ని అల్లీ ప్రభావం అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. కవ్వాల్ దానికి సజీవ ఉదాహరణ.

ఆ మగపులి నిలవకపోయినా, దాని వల్ల ఉపయోగం లేదనలేం. వెళ్లే దారిలో ఇంకో గుంపులో పిల్లల్ని కంటే చాలు, రక్తం మారుతుంది. రక్తం మారని చోట ఏమవుతుందో ఒడిశాలోని సిమిలిపాల్‌లో కళ్లారా చూడొచ్చు. అక్కడ చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నల్లగా కనిపించే పులులుంటాయి. ఇవి వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులులే. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తలు 2021లో ఒకే జన్యువులోని మార్పు దీనికి కారణమని తేల్చారు. వేరే ఎక్కడా దాదాపు కనబడని ఈ లక్షణం సిమిలిపాల్‌లో మూడో వంతుకు మించిన పులుల్లో ఉంది. బయటి పులి రాక, ఉన్న కొద్దిపాటివే తమలో తాము కలవడం వల్ల అరుదైనది మామూలైపోయింది. టూరిస్టులకు అది వింత. నాకైతే అది చారల మీద రాసిన హెచ్చరిక.

అమెరికాలో సుపీరియర్ సరస్సు మధ్య ఐల్ రాయల్ అనే దీవి తోడేళ్లది ఇంకాస్త విషాదమైన కథ. 1997లో గడ్డకట్టిన సరస్సు మీద నడిచి కెనడా నుంచి ఒకే ఒక్క మగ తోడేలు వచ్చింది. అది పెట్టిన సంతానం ఎంత బలంగా ఉందంటే, కొన్నేళ్లకు దీవిలోని గుంపు మొత్తంలో సగానికి పైగా జన్యువులు దానివే. మొదట గుంపు తేరుకుంది. తర్వాత అందరూ దాని పిల్లలే, మనవళ్లే అయిపోయి మళ్లీ రక్తసంబంధీకుల మధ్యే జతలు. 2016 నాటికి మిగిలింది రెండే తోడేళ్లు. చలికాలాలు వెచ్చబడి మంచు వంతెన ఏర్పడే ఏళ్లు తగ్గిపోయాయి, ఇంకో కొత్త తోడేలు నడిచి వచ్చే దారి లేకపోయింది. చివరికి 2018 నుంచి మనుషులే తోడేళ్లను మోసుకొచ్చి వదిలారు. ఒకసారి ఒకటి వస్తే సరిపోదని, అప్పుడప్పుడూ వస్తూనే ఉండాలని ఆ దీవి చెబుతోంది.

రాకపోకలు ఎంత ఎక్కువైతే అంత మంచిదా అంటే, అదీ కాదు. గుంపులన్నీ మరీ కలిసిపోతే రోగమూ అంతే వేగంగా పాకుతుంది. ఒకదానికి కరువొచ్చినప్పుడు ఇంకోటి ఆదుకునే వీలు కూడా పోతుంది, ఎందుకంటే అన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే పడిపోతాయి. ఫిన్లాండ్‌కు చెందిన ఇల్కా హాన్స్కి ఆలాండ్ దీవుల్లో సుమారు 4,000 పచ్చిక మళ్లలో ఒక సీతాకోకచిలుకను ఏళ్ల తరబడి లెక్కపెట్టి చూపించింది కూడా ఇదే రకం సంగతి. ఒక్కో మడిలో అది ఆరిపోతూ, ఇంకో మడిలో వెలుగుతూ ఉంటుంది. అన్నీ ఒకేసారి ఆరిపోకపోవడమే దాని ఆయుష్షు. మన పులుల విషయంలో అతిరాకపోకల టెన్షన్ ఇప్పట్లో లేదులెండి.

జంతువును మనమే లారీలో తెచ్చి వదిలేస్తే ఈ మూడు మెట్ల గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. సిమిలిపాల్ రక్తం మార్చడానికి 2024 నవంబర్‌లో తడోబా నుంచి జీనత్ అనే ఆడపులిని తెచ్చి వదిలారు. డిసెంబర్‌లో అది సిమిలిపాల్ దాటేసింది. జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లోకి వెళ్లింది. డిసెంబర్ 29న బాంకురా జిల్లాలో మత్తుసూది వేసి పట్టి, వెనక్కి తేవాల్సి వచ్చింది. మొదటి రెండు మెట్లూ లారీ ఎక్కించి దాటించొచ్చు. మూడోది మాత్రం పులి చేతిలోనే ఉంది.

అందుకే కవ్వాల్ విషయంలో నా చూపు కాగజ్‌నగర్ మీద ఉంటుంది. ఫల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి మహారాష్ట్ర నుంచి వచ్చి అక్కడ పిల్లల్ని పెట్టింది. ఒక ఆడపులి అంత దూరం వచ్చి నిలవడం అరుదైన అదృష్టం. కాగజ్‌నగర్ నుంచి కవ్వాల్ నడిబొడ్డున ఉన్న జన్నారానికి నేరుగా కొలిస్తే 50 కిలోమీటర్ల పైచిలుకు. చిత్వన్ లెక్కన ఒక్కో కూతురు తల్లికి పది కిలోమీటర్ల లోపు ఆగుతుందనుకుంటే, అది అయిదారు తరాల పని. తల్లి పక్కన కూతురు, కూతురి పక్కన మనవరాలు, అలా తిర్యాణి అడవుల మీదుగా ఒక్కో అడుగు పడాలి. మధ్యలో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం ఉంది, మంచిర్యాల నుంచి చంద్రపూర్ వైపు పోయే హైవే ఉంది. నాగ్‌పూర్ దగ్గర పెంచ్‌లో 44వ నంబర్ జాతీయ రహదారి కింద కట్టిన దారుల్లోంచి పులులు దాటుతున్నట్టు కెమెరాలు చూపించాయి కాబట్టి రోడ్డు సంగతి ఇంజినీర్లతో అయ్యే పనే. కరెంటు తీగ, విషం అలా కావు.

అవి ఎవరు పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అన్నది అడక్కుండా డిస్పర్సల్ గురించి మాట్లాడటం సగం మాటే. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరిని పులి చంపింది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో ఒక యువతిని చంపింది. నవంబర్ అంటే పత్తి ఏరే కాలం. చేలు నడుమెత్తున ఉంటాయి, కూలీలు వంగి పనిచేస్తుంటారు, మంచు విడవక ముందే చేలోకి దిగుతారు. తడోబా రద్దీ బరువు ఆ కూలీల మీద పడుతోంది. కారిడార్‌ను కాపాడతామని 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. పోడు, పట్టాల మాటేమిటని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కడంతో జులైలో దాన్ని నిలిపేసింది. అంతకుముందే 2024లో కవ్వాల్ కోర్ లోపలి నుంచి మైసంపేట, రాంపూర్ గూడేలను తరలించారు. కోర్‌లో ఎకరం ఖాళీ చేయించడం కంటే, కాగజ్‌నగర్‌లో పశువు పోయిన కాపరికి పరిహారం వారంలో అందేలా చూడటం కవ్వాల్ పులుల సంఖ్యను ఎక్కువ మారుస్తుందని నేను అనుకుంటున్నాను. పరిహారం చేతికందిన కాపరి కళేబరం మీద విషం చల్లడు. ఆ కళేబరం దగ్గరికి రాత్రి తిరిగి వచ్చేది, పిల్లల్ని వెంటేసుకున్న ఆడపులి కావొచ్చు.